దీనమనస్సుతో సేవ చేయడం ఎలా: ఇంటి నుంచి సంఘం వరకు

సేవ చేయాలన్న కోరిక చాలామంది విశ్వాసుల్లో ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లు కొందరు. మొదలుపెట్టి, కొన్నాళ్లకే మనసు నొచ్చుకుని, "ఇంత చేస్తే నన్నెవరు పట్టించుకున్నారు" అంటూ పక్కకు తప్పుకునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండోవాళ్లను చూసినప్పుడు నాకు ఎక్కువ బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్లలో చాలామంది నిజంగా చెమటోడ్చినవాళ్లు. వాళ్ల కష్టాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. ఆ కష్టం చేస్తున్నంతసేపూ చూపు ఎటు ఉందన్నదే అసలు సంగతి. నేనెలా కనబడుతున్నాను, నా పేరు చెప్పారా లేదా అని చూసుకుంటూ చేసే పరిచర్య మనిషిని లోపల్నుంచి అరగదీస్తుంది. ఎదుటి మనిషికి ఇప్పుడు ఏం కావాలో చూస్తూ చేస్తే ఒళ్లు అలిసిపోతుంది గానీ మనసు చేదెక్కదు.

ఆ చూపు మళ్లించుకోవడాన్నే నేను దీనమనస్సు అంటాను. అది వచ్చాక సేవ మొదలుపెడదాం అనుకుంటే ఎప్పటికీ మొదలుపెట్టం. చేస్తూ చేస్తూ నేర్చుకోవాల్సిన సంగతి ఇది. ఎలా నేర్చుకోవాలో ఒక వరుసలో చెబుతాను.

ముందు యోహాను 13వ అధ్యాయం నెమ్మదిగా చదవండి

మనకు బాగా తెలిసిన భాగమే. అందుకే తొందరగా దాటేస్తాం. ఈసారి ఒక్కో పనీ విడిగా చూడండి. యేసు భోజనం దగ్గర నుంచి లేచాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టాడు. తువాలు నడుముకు కట్టుకున్నాడు. పళ్లెంలో నీళ్లు పోశాడు. ఒక్కొక్కరి పాదాలు కడిగి, ఆ తువాలుతోనే తుడిచాడు. దుమ్ము దారుల్లో చెప్పులతో నడిచే ఆ కాలంలో అది ఇంటి దాసులు చేసే పని. ముందుగా ప్రకటన లేదు, పాఠం లేదు. పని పూర్తయి, మళ్లీ వస్త్రం వేసుకుని కూర్చున్న తర్వాతే మాట్లాడాడు.

అదే రాత్రి శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని వాదించుకున్నారని లూకా 22లో ఉంది. ఆయన్ను అప్పగించబోయే యూదా ఇంకా బయటికి వెళ్లలేదు, అంటే ఆయన కడిగిన పాదాల్లో అతని పాదాలూ ఉన్నాయి. తగినవాళ్లను ఎంచుకుని చేసిన సేవ కాదది.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆపేది 3వ వచనం. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడనీ, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి తిరిగి దేవుని దగ్గరకే వెళ్తున్నాననీ ఎరిగి ఆయన లేచాడు. తానెవరో తెలిసినవాడు వంగాడు. మనం చాలాసార్లు దీన్ని తలకిందులు చేస్తాం. "నేనెందుకూ పనికిరాను, నాకేమీ చేతకాదు" అని అనుకోవడమే తగ్గింపు అనుకుంటాం. ఆ మాటల్లో కూడా పొద్దస్తమానం "నేను" అన్నదే ఉంటుంది. బాగా పాడగలిగిన మనిషి "అబ్బే, నాకేం వస్తుంది" అంటూ నాలుగుసార్లు బతిమాలించుకోవడం తగ్గింపు కిందికి రాదు. పాడమంటే పాడి, వచ్చి కూర్చోవడం తగ్గింపు.

కాబట్టి మొదటి అడుగు ప్రార్థనే. చిన్నదైనా చాలు: "ప్రభువా, నేను నీ వాణ్ని. ఈ రోజు నాకు నిరూపించుకోవాల్సింది ఏమీ లేదు. ఎవరికి ఏం కావాలో చూపించు." ఉదయం పని మొదలుపెట్టే ముందు ఈ మాట చెప్పుకుని లేవండి. నిరూపించుకోవాల్సిన అవసరం తీరిపోయినప్పుడే చేతులు ఖాళీ అవుతాయి.

ఇంట్లో, ఎవరూ గమనించని ఒక పని పట్టుకోండి

సంఘంలో కుర్చీలు సర్దేవాడు ఇంట్లో తాను తిన్న పళ్లెం కూడా తీయకపోతే, ఆ పరిచర్యకు పునాది ఇంకా పడలేదని నా అభిప్రాయం. ఇంట్లోవాళ్లు మన సాక్ష్యానికి ముగ్ధులయ్యేవాళ్లు కారు. అందుకే మొదలుపెట్టడానికి అదే సరైన చోటు.

పని ఎంచుకునేటప్పుడు ఇలా చూడండి. చేస్తే ఎవరూ గమనించనిది, చేయకపోతే మాత్రం ఎవరో ఒకరి మీద పడేది. స్నానాలగది కడగడం, చెత్త బయట పెట్టడం, రాత్రి మంచాన ఉన్న పెద్దవాళ్లకు మందులు ఇచ్చి నీళ్లు అందుబాటులో పెట్టడం, ఏడ్చే పిల్లవాణ్ని ఎత్తుకుని తిరగడం. వీటిలో ఒకటి తీసుకోండి. ఒక్కటే. ఐదు పనులు నెత్తిన వేసుకుని వారానికల్లా వదిలేసేకన్నా ఒకటి పట్టుకుని నెలల తరబడి చేయడం మేలు. ఇంట్లో ప్రకటించకండి. "చూశావా, నేను చేశాను" అన్న మాట నోటిదాకా వస్తుంది, ఖాయంగా వస్తుంది. దాన్ని అక్కడే ఆపేయండి.

6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠంలోని సన్యాసుల కోసం రాసిన నియమావళిలో ఒక అధ్యాయం మొత్తం వంటింటి వంతుల గురించే ఉంది. జబ్బుపడినవాళ్లూ, తప్పించుకోలేని ముఖ్యమైన పనిలో ఉన్నవాళ్లూ తప్ప అందరూ వారం చొప్పున వంట వడ్డనలు చేయాలి. శనివారం నాడు దిగేవాడు గిన్నెలన్నీ శుభ్రంగా, విరగకుండా అప్పజెప్పాలి, చేతులూ కాళ్లూ తుడుచుకునే తువాళ్లు ఉతకాలి. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి అందరి పాదాలూ కడగాలి. బలహీనులు కుంగిపోకుండా వాళ్లకు తోడు మనుషుల్ని ఇవ్వాలని కూడా రాశాడు. అదే నియమావళిలో దీనత్వానికి పన్నెండు మెట్లున్న ప్రసిద్ధమైన అధ్యాయం ఒకటుంది. దాన్ని ఎక్కువమంది చదువుతారు. నాకు మాత్రం ఈ వంటింటి అధ్యాయమే ఎక్కువ నేర్పింది, ఎందుకంటే గిన్నె విరక్కుండా అప్పజెప్పడంలో ఆత్మీయత ఉందని అది ఒప్పుకుంటుంది.

మీ చేతికి అలవాటైన పని ఏదో కూడా చూసుకోండి. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు పేతురు దగ్గర నిలబడి ఏడుస్తూ చూపించింది ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ. ఆమె బోధించినట్టు ఎక్కడా లేదు. సూది పట్టడం తెలుసు, పట్టింది. మీకు లెక్కలు బాగా వస్తే ఒక పిల్లవాడికి చెప్పండి. బండి నడపడం వస్తే ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి. దరఖాస్తులు నింపడం వస్తే చదువురాని వాళ్ల పక్కన కూర్చుని నింపిపెట్టండి. పరిచర్య అనగానే మైకు గుర్తొస్తుంటే, అపొస్తలుల కార్యములు 28 తీసి చూడండి. ఓడ బద్దలై 276 మంది ఒడ్డుకు చేరాక, వాన పడుతూ చలిగా ఉన్న ఆ మెలితే దీవి తీరంలో పౌలు మోపెడు పుల్లలు ఏరి నిప్పుల మీద వేశాడు. అప్పటికే ఎన్నో సంఘాలు స్థాపించిన మనిషి అతను.

చేసేముందు అడగండి

బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా యేసు "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు. ఏం కావాలో చెప్పే అవకాశాన్ని ఆయన ఆ మనిషి దగ్గర నుంచి లాక్కోలేదు.

మన సేవల్లో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. కష్టంలో ఉన్నవాళ్లకు ఏం కావాలో వాళ్లకంటే మనకే బాగా తెలుసనుకుంటాం. పసిబిడ్డ తల్లికి సలహాలు ఇస్తాం, ఆమెకు కావలసింది రెండు గంటల నిద్ర. ఉద్యోగం పోయినవాడికి వాక్యం పంపుతాం, అతనికి కావలసింది ఎక్కడైనా ఖాళీ ఉందేమో నలుగురినీ అడిగిపెట్టే మనిషి.

"ఏమైనా కావాలంటే చెప్పండి" అనడం అడిగినట్టు కాదు. ఆ మాటతో బరువంతా మళ్లీ వాళ్ల మీదే పడుతుంది. మొహమాటపడి ఎవరూ చెప్పరు. ఇలా అడగండి: "రేపు సాయంత్రం నాకు ఖాళీ. పిల్లల్ని చూసుకోమంటారా, బజారు పని చేసిపెట్టమంటారా?" రెండు పనులు చెప్పి, సమయం చెప్పి అడిగితే జవాబు చెప్పడం సులువు. "ఏమీ వద్దండీ" అంటే ఒకటి రెండు రోజులాగి మళ్లీ ఒకసారి అడగండి. అప్పుడూ వద్దంటే వదిలేయండి. వద్దనే హక్కు వాళ్లది. మన సేవ వద్దన్నారని నొచ్చుకుంటే, ఆ సేవ ఎవరి కోసమో అక్కడే బయటపడుతుంది.

మంచం పట్టినవాళ్లను చూడటానికి వెళ్లేటప్పుడు

దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. సంఘాల్లో అందరూ చేసే పని ఇదే, ఎక్కువ నొప్పి కలిగించే పని కూడా ఇదే.

చెప్పకుండా వెళ్లకండి. ఫోన్ చేసి, రోగితో కాదు, చూసుకుంటున్నవాళ్లతో మాట్లాడి ఏ సమయం బాగుంటుందో అడగండి. ఎక్కువమంది కలిసి వెళ్లకండి, ఇద్దరు చాలు. గదిలోకి వెళ్లగానే నిలబడి మాట్లాడకండి. పడుకున్న మనిషికి నిలబడ్డ మనిషి మీద పడుతున్నట్టు ఉంటుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన తల తిప్పక్కర్లేకుండా మీ ముఖం కనబడే చోట కూర్చోండి. మంచం మీద కూర్చోవద్దు, ఆ కదలికకే నొప్పి పుట్టే రోగాలు ఉన్నాయి. చెయ్యి పట్టుకునే ముందు అడగండి.

ఆ తర్వాత మాట్లాడకండి. ఇదే అన్నిటికంటే కష్టం. గదిలో మౌనం ఉంటే మనకు ఇబ్బందిగా ఉంటుంది, ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి అంటాం. మా బంధువుకి కూడా ఇదే వచ్చింది అంటాం. దేవుడు ఏదో ఉద్దేశంతోనే ఇచ్చాడు అంటాం. అన్నిటికన్నా ఘోరంగా, ఏదైనా పాపం ఉంటే ఒప్పుకోమంటాం. యోబు ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. ఆ వారం వాళ్లు మంచి స్నేహితులుగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది.

ఆయన మాట్లాడితే వినండి. మధ్యలో వాక్యం చెప్పడానికి చోటు వెతుక్కోకండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ఊరుకోమనకండి. దేవుని మీద కోపంగా మాట్లాడినా దేవుని తరఫున వాదించడానికి దిగకండి. కీర్తనల్లో అంతకంటే గట్టి మాటలు ఉన్నాయి, వాటికి మన గ్రంథంలోనే చోటుంది. పదిహేను ఇరవై నిమిషాలకు లేవండి. "ప్రార్థన చేయమంటారా?" అని అడిగి, సరేనంటే నాలుగు వాక్యాల్లో ముగించండి. ఆయన చెప్పిన మాటల్నే దేవునికి చెప్పండి, కొత్త ప్రసంగం వద్దు.

బయటికి వచ్చేటప్పుడు చూసుకుంటున్న మనిషి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. భార్యో, కొడుకో, కూతురో. వాళ్లు తిన్నారో లేదో ఎవరూ అడగరు. నిద్రపోయి ఎన్నాళ్లైందో అడగండి. ఒక రాత్రి మీరు కూర్చోగలిగితే ఆ మాట అక్కడే చెప్పండి. అక్కడ విన్నదేదీ ప్రార్థన కూటంలో ప్రార్థనాంశంగా బయటపెట్టకండి. వాళ్లు చెప్పమంటే తప్ప రోగం పేరు కూడా ఎత్తకండి.

బెల్జియం నుంచి వెళ్లిన డేమియన్ అనే ఫాదర్ 1873లో హవాయి దీవుల్లోని మొలొకాయిలో, కుష్ఠురోగుల్ని వేరుగా ఉంచిన చోటికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. పుండ్లకు కట్లు కట్టాడు, ఇళ్లు కట్టాడు, శవపేటికలు చేశాడు, గోతులు తవ్వాడు. ఆ జబ్బే తనకూ వచ్చి 1889లో చనిపోయాడు. అందరికీ అలాంటి పిలుపు ఉండదు. కానీ రోగి మంచానికి రెండడుగుల దూరంలో నిలబడి, గడియారం చూసుకుంటూ ప్రార్థించి వచ్చేవాళ్లం అతని దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఇచ్చేటప్పుడు తీసుకునేవాళ్ల ముఖం కాపాడండి

"నీ కుడిచెయ్యి చేయునది నీ యెడమచేతికి తెలియక యుండవలెను" అన్న మాటను ఇచ్చేవాడి ఆత్మకోసం చెప్పిన మాటగానే మనం చదువుతాం. అది తీసుకునేవాళ్లకు కూడా కాపుదల. సాయం అందుకుంటున్న ఫొటో ఒకసారి ఫోన్లలోకి వెళ్లిందంటే, రేపు ఆ ఇంటి పిల్ల బడిలో కూర్చున్నప్పుడు కూడా అది ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు పెట్టుకోండి. సాయం అందుకునేవాళ్ల ముఖం కనబడే ఫొటో వద్దు, వాళ్లు ఒప్పుకున్నా వద్దు. అవసరంలో ఉన్నవాళ్లు కాదనలేక ఒప్పుకుంటారు. సంఘం లెక్క చూపాలంటే సామాను ఫొటో, రసీదు చాలు. వరుసలో నిలబెట్టి ఇవ్వకండి, వీలైతే ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. ఇంకా వీలైతే మీ పేరు తెలియకుండా, వాళ్లు నమ్మే ఇంకొకరి చేత ఇప్పించండి. బాగా లేనివి, మీరు వాడనివి ఇవ్వకండి. చిరిగినవి వదిలించుకోవడాన్ని దానం అనుకోవద్దు. ఇచ్చాక వాళ్లు దాన్ని ఎలా ఖర్చుపెడుతున్నారని ఆరా తీయకండి. ఇచ్చినందుకు మీ కూటానికి రావాలని ఆశించడం కూడా తప్పే. అలా ఆశించి ఇచ్చింది బేరం అవుతుంది.

సంఘం డబ్బు విషయం వేరు. అక్కడ రహస్యం వద్దు. కొరింథీయుల కానుక తీసుకెళ్లేటప్పుడు పౌలు తనతో పాటు ఇతరులను కూడా పెట్టుకున్నాడు, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని. సొంత దానం గుట్టుగా, నలుగురి డబ్బు బాహాటంగా. ఈ రెండూ తారుమారైతే సంఘాలు చీలిపోతాయి.

ఎవరూ గుర్తించనప్పుడు, ఎవరైనా తప్పు చూపినప్పుడు

మీరు నెలల తరబడి చేసిన పనికి వేదిక మీద ఇంకొకరి పేరు చదువుతారు. ఇది జరుగుతుంది. బాధ కలుగుతుంది కూడా, కలగనట్టు నటించక్కర్లేదు. ఆ రాత్రి దేవునితో సూటిగా చెప్పుకోండి. "నాకు బాధగా ఉంది, నా పేరు చెబుతారనుకున్నాను" అని. చెప్పుకున్నాక మరుసటి వారం అదే పనికి అదే సమయానికి వెళ్లండి. లూకా 17లో దాసుడు రోజంతా పొలంలో చేసి వచ్చి, భోజనం కూడా వడ్డిస్తాడు. మీరూ అలాగే "మేము చేయవలసినవే చేసియున్నాము" అని చెప్పుకోండి అంటాడు యేసు. కఠినంగా అనిపించే మాటే. కానీ నాకైతే అందులో విడుదల కనబడింది. కృతజ్ఞత రావాలని కాచుకుని కూర్చునే పని తప్పిపోయింది కదా. మీ వంతుగా మీరు మాత్రం ఇతరులకు కృతజ్ఞత చెప్పడం మానకండి. పౌలు రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఎంతమందిని పేరుపేరునా తలచుకున్నాడో చూడండి.

తప్పు చూపినప్పుడు పరీక్ష ఇంకా గట్టిది, ముఖ్యంగా చెప్పినవాళ్లు మనకంటే చిన్నవాళ్లైతే. సిరియా సైన్యాధిపతి నయమానుకు దారి చూపింది చెరగా తెచ్చిన ఒక చిన్నపిల్ల. కోపంతో తిరిగి వెళ్లిపోతుంటే ఆపి నచ్చజెప్పింది అతని దాసులు. వాళ్ల మాట విన్నాడు కాబట్టే యొర్దానులో మునిగాడు, బాగుపడ్డాడు. ఎవరైనా తప్పు చెబితే వెంటనే సమర్థించుకోకండి. "చెప్పినందుకు మంచిది, ఆలోచిస్తాను" అని ఆగండి. ఒకరోజు గడిచాక అందులో నిజం ఎంతో చూసుకోండి. నిజమున్నంత మేర సరిదిద్దుకుని, ఆ సంగతి చెప్పినవాళ్లకు తెలియజేయండి.

మీరే చెప్పాల్సి వస్తే అకుల, ప్రిస్కిల్ల చేసినట్టు చేయండి. అపొల్లో సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు గానీ అతనికి తెలిసింది సగమే. వాళ్లు అందరి ముందూ అడ్డుతగల్లేదు. తమ దగ్గరకు చేర్చుకుని మరింత పూర్తిగా వివరించారు. అతని పేరు నిలబడింది, బోధ సరి అయింది.

పుచ్చుకోవడం కూడా నేర్చుకోండి

"నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న పేతురు మాట వినడానికి ఎంత వినయంగా ఉంటుందో! కానీ యేసు దాన్ని ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఇచ్చేచోటే ఉండాలనుకోవడంలో ఒక ఎత్తు ఉంటుంది, అక్కడి నుంచి దిగడం మనకు ఇష్టం ఉండదు. మీకు జ్వరం వస్తే ఎవరైనా భోజనం తెస్తామంటే "ఎందుకండీ శ్రమ" అనకుండా తెమ్మనండి. మీ ఇబ్బంది ఒకరికైనా దాచకుండా చెప్పండి. మీరు సాయం చేసిన మనిషి తన దగ్గర ఉన్న చిన్నదేదో తెచ్చి ఇస్తే తీసుకోండి, తిప్పి పంపకండి.

తగ్గింపు పేరుతో అన్యాయాన్ని మోయకండి, మోయించకండి

ఈ మాట చెప్పకుండా దీనత్వం గురించి రాయడం ప్రమాదం. ఇంట్లో దెబ్బలు తింటున్న భార్యతో "తగ్గించుకో అమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అన్నవాళ్లున్నారు. సంఘంలో తప్పు జరిగితే అడిగినవాళ్లను గర్విష్ఠులన్నవాళ్లున్నారు. లేఖనం అలా చెప్పదు. ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రౌతు చెంపదెబ్బ కొట్టినప్పుడు యేసు, నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, లేకపోతే ఎందుకు కొడుతున్నావని అడిగాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి, తెల్లారాక గుట్టుచప్పుడు కాకుండా పంపించేద్దామని అధికారులు చూస్తే, పౌలు కదల్లేదు. తాము రోమీయులమనీ, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలనీ పట్టుబట్టాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు.

హింస జరుగుతుంటే ముందు క్షేమమైన చోటికి వెళ్లండి, నమ్మదగిన మనిషికి చెప్పండి, చట్టం సాయం తీసుకోండి. మీ దగ్గరికి ఎవరైనా ఇలాంటి సంగతితో వస్తే, వాళ్లను నమ్మి, తోడుగా వెళ్లడమే మీ పరిచర్య. రాజీ కుదర్చడానికి తొందరపడకండి. తన ఇష్టంతో వంగడం ప్రభువు నేర్పినది. ఒకరి మెడ వంచడం ఆయన ఎక్కడా నేర్పలేదు.

ఆగాల్సిన చోట ఆగండి

మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఒక్కడే న్యాయం తీరుస్తుంటే, మామ యిత్రో చూసి నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టమన్నాడు. మోషే విన్నాడు. నేను లేకపోతే జరగదు అన్న ఆలోచన సేవ ముసుగు వేసుకుని వస్తుంది, గుర్తుపట్టండి. మార్త విషయంలో ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు. అనేకమైన పనుల గురించి విచారపడుతూ చెల్లెలి మీద ఫిర్యాదు చేసేదాకా వచ్చిన ఆమె మనసును చూశాడు. చేస్తున్నప్పుడు చేయనివాళ్ల మీద కోపం పెరుగుతుంటే, అది విశ్రాంతి తీసుకోవాల్సిన వేళ. యేసే శిష్యులకు తినడానికైనా తీరిక లేకపోతే ఏకాంతంగా వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నాడు.

రాత్రి పడుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం నాకు ఉపయోగపడింది. ఈ రోజు ఎవరి అవసరం నా కంట పడింది? ఎక్కడ నా పేరు కోసం చూసుకున్నాను? ఎవరి దగ్గర నేను పుచ్చుకున్నాను? జవాబులు రాయక్కర్లేదు, దేవునికి చెప్పుకుంటే చాలు.

మీ చేతిలో బాధ్యత ఉంటే

కాపరులు, పెద్దలు, యూత్ నాయకులు, సండే స్కూల్ టీచర్లు, పాటల బృందం నడిపేవాళ్లు ఈ భాగం మరింత శ్రద్ధగా చదవాలి. అన్యజనుల అధికారులు వాళ్ల మీద పెత్తనం చేస్తారు, మీలో అలా ఉండకూడదు అని ప్రభువు చెప్పింది పన్నెండుమందికి, అంటే నాయకులు కాబోయేవాళ్లకు. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే ఒకాయన కనబడతాడు. సంఘంలో ప్రధానత్వం కోరుకున్నాడు, వచ్చిన సహోదరుల్ని చేర్చుకోలేదు, చేర్చుకున్నవాళ్లను వెలివేశాడు. అతను ఏ తప్పు బోధ చేశాడో అక్కడ లేదు. మొదటి స్థానం మీద ఉన్న ప్రేమే చాలింది.

దానికి ఎదురుగా బర్నబాను పెట్టుకోండి. అంతియొకయలో పని పెరిగినప్పుడు అతను తార్సుకు వెళ్లి, సౌలును, అంటే పౌలును, వెదికి పట్టుకుని తీసుకొచ్చాడు. తనకంటే వరం ఎక్కువ ఉన్నవాడని తెలియక కాదు. అపొస్తలుల కార్యములు 13 మొదట్లో బర్నబా, సౌలు అని ఉంటుంది. 13వ వచనానికొచ్చేసరికి పౌలును అతనితో కూడ ఉన్నవారును అని ఉంటుంది. వెనక్కి వెళ్లినందుకు బర్నబా ఒక్క మాట అన్నట్టు లేదు.

ఇంకొక మాదిరి ఆరో అధ్యాయంలో ఉంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఎన్నికైన ఏడుగురివీ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్న వైపు చేతికే పంపకం అప్పగించినట్టు అయింది.

మీ పని అప్పగించడం ఇలా మొదలుపెట్టండి. మీరు చేస్తున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. మీరే చేయాల్సినవి చాలా తక్కువ ఉంటాయి. మిగతావాటిలో మీకు బాగా ఇష్టమైనదాన్ని, మీకు పేరు తెచ్చేదాన్ని ముందు తీయండి. విసుగు పుట్టే పనులు పక్కవాళ్లకు తోసి, వేదిక మీది పని మీ దగ్గరే ఉంచుకుంటే అది అప్పగింత కాదు. చేయగల ఒక మనిషిని చూసి కొన్నాళ్లు పక్కన ఉంచుకోండి, తర్వాత తననే చేయనిచ్చి మీరు పక్కన ఉండండి, ఆ తర్వాత ఆ కూటానికి వెళ్లకండి. తాళంచెవులు, ఫోన్ నంబర్లు, లెక్కల పుస్తకం అన్నీ ఇచ్చేయండి. తన పద్ధతి వేరుగా ఉంటుంది, కొన్నిచోట్ల మీ అంత బాగా చేయలేకపోవచ్చు. అడిగితేనే సలహా చెప్పండి, అదీ పక్కకు పిలిచి. "మేమున్నప్పుడైతే" అని ఎవరైనా మీ ముందు మొదలుపెడితే, ఆ కొత్త మనిషి చేసిన మంచి పని ఒకటి పేరుపెట్టి చెప్పి మాట మార్చండి. మీకు ఖాళీ అయిన ఆ సమయంలో మందిరానికి ముందే వెళ్లి, కుర్చీలు వేసేవాళ్లతో కలిసి కుర్చీలు వేయండి.